పరుగు ప్రార్థన యగునా?

ఒక మాట లోకమున వ్యాపించినప్పుడు దానిని మెచ్చువారు కొందరును, పరిహసించువారు కొందరును ఉందురు గాని, పరీక్షించువారు మిక్కిలి యరుదు. "పరుగే నా ప్రార్థన, పరుగే నా ధ్యానము" అను మాట యిట్టిది. దాదాపు ఏబది సంవత్సరములుగా ఆంగ్లభాషలో ఈ భావమును బోధించు గ్రంథములు వరుసగా వెలువడుచున్నవి. మన పట్టణములలో తెల్లవారుజామున బాటల వెంట పరుగెత్తు విద్యావంతులు వానిని చదివి, గుడికి పోవుట మానితిమనియు, తమకు బాటయే గుడి యనియు చెప్పుచున్నారు. వృద్ధులు విని, దేవుడు పిక్కలలో నున్నాడా యని నవ్వుచున్నారు. ఈ రెండు పక్షములలో దేనిని గైకొన్నను విచారము లేనిదే యగును. నేనును నలువది దాటిన పిమ్మట వైద్యుని మాట విని పరుగు మొదలుపెట్టి, ఆ గ్రంథములను ప్రీతితో చదివి, కొంతకాలము ఆ మాటనే పలికినవాడను. కావున ఈ విమర్శలో నా తప్పునకును పాలు గలదు.

మొదట మన శాస్త్ర మేమనుచున్నదో చూతము. బ్రహ్మసూత్రములలో నాలుగవ యధ్యాయము, మొదటి పాదము, ఏడవ సూత్రము ఉపాసనను కూర్చుండియే చేయవలెనని నిర్ణయించుచున్నది. శంకరాచార్యులు దానికి భాష్యము చేయుచు, ఒకే తీరు తలపును ఎడతెగక ప్రవహింపజేయుటను ఉపాసనగా నిర్వచించి, నడచువానిని, పరుగెత్తువానిని ఇద్దరిని పేరెత్తి త్రోసివేసిరి. గమనము చిత్తమును చెదరగొట్టునని వారి హేతువు. నిలుచున్నవాడు దేహమును నిలుపుటయందే తగుల్కొనును; పండుకొన్నవాడు నిద్రకు వశుడగును; కావున ఆసీనుడే అధికారి. ఇంత స్పష్టమైన నిరాకరణ మన వేదాంతమున నుండగా, పరుగు ధ్యానమని మన ఋషులే చెప్పిరని కొందరు వ్రాయుట కేవలము సాహసము. పూర్వులు చెప్పనిదానిని పూర్వులకు అంటగట్టి గౌరవము సంపాదించుట మనకు పాతరోగము. క్రొత్తమాట క్రొత్తదిగానే వచ్చి తన బలముతో నిలువవలెను.

అయినను అదే పాదమున పదునొకండవ సూత్రము కలదు. ఉపాసనకు దిక్కు, దేశము, కాలము అను నియమము లేదనియు, మనస్సు ఎచ్చట ఏకాగ్రమగునో అదియే తగిన చోటనియు దాని తాత్పర్యము. ఈ రెండు సూత్రములను కలిపి చదివినచో ఒక విషయము తేటపడును. కూర్చుండుమన్న విధికి కారణము ఏకాగ్రత. కారణమును చెప్పి చేసిన విధి ఆ కారణమునకు లోబడియుండును. పరుగున ఏకాగ్రత కుదురునని నిరూపింపగలిగినచో, ఆచార్యుల మాటను ధిక్కరింపకయే, వారి హేతువును పట్టుకొనియే, ఈ క్రొత్తవాదమునకు వాకిలి తెరవవచ్చును.

కుదురునా? కొంతవరకు కుదురును. మృదంగము నేర్చుకొను బాలునికి వ్రేళ్లమీదనే ధ్యాస. పదియేండ్లు వాయించినవానికి వ్రేళ్లు తమ పని తాము చేసికొనును, మనస్సు రాగమునకు వదలబడును. పరుగును అట్లే. మొదటి మాసములలో మోకాలు, ఊపిరి, చెమట తప్ప వేరొకటి తోచదు. ఒక సంవత్సర మభ్యాసము చేసిన పిదప అడుగును శ్వాసయు ఒకదాని నొకటి పట్టుకొని, ఇన్ని యడుగుల కొక యుచ్ఛ్వాసము, ఇన్ని యడుగుల కొక నిశ్వాసము అని లయ యేర్పడును. ఆ లయలో నామజపము చేయువారు కలరు. ఊరక యుండువారును కలరు. ఇది నా యనుభవము గనుక కాదనజాలను. కాని చదువరులు ఒక్క క్షణ మాలోచింపుడు. వీథికుక్క తరుముచుండగా పరుగెత్తువానికి ఏకాగ్రత లేదని యెవరైన అనగలరా? వాని చిత్తము ఒక్క విషయము మీదనే నిలిచియుండును. దానిని మనము ప్రార్థన యనము. కాబట్టి ఏకాగ్రత యవసరమే గాని చాలదు.

ఈ చిక్కునకు పరుగు గ్రంథములు సాధారణముగా చెప్పు సమాధానము ఆనందము. చాలదూరము పరుగెత్తినవానికి ఒక తేలికదనము, భయములేమి, సమస్తముతోను చుట్టరికము కలిగినట్టి భావము పుట్టునని వారందురు. అది నిజమే. అందుచేత అది భగవత్స్పర్శ యని వారి నిగమనము. ఇది హేతుదుష్టము. శరీరమే తనలో పుట్టించుకొను కొన్ని ద్రవ్యములు ఈ సుఖమునకు కారణమని వైద్యులు చెప్పుచున్నారు. మొదట ఎండార్ఫినులని తలచిరి. 2015లో ఎలుకలమీదను, 2021లో మనుష్యులమీదను జరిపిన పరీక్షలలో ఎండార్ఫినుల మార్గమును మందులచే అడ్డగించినను సుఖము నిలిచియుండుటచే, గంజాయిలోని గుణమునకు సాటివచ్చు వేరొక జాతి ద్రవ్యములవైపు చూపు మరలినది. వానిలో ముఖ్యమైనదానిని 1992లో జెరూసలేములో కనుగొనిన శాస్త్రజ్ఞులు మన సంస్కృతమునుండి 'ఆనంద' శబ్దమును తీసికొని దానికి ఆనందమైడ్ అని పేరిడిరి. తైత్తిరీయమున బ్రహ్మమునకు చెల్లిన పేరు నేడు నెత్తుటిలోని యొక కొవ్వుబిందువునకు చెల్లుచున్నదని సంస్కృతపండితులు చిన్నబోనక్కరలేదు. ద్రవ్యము వలన పుట్టినంతమాత్రమున భావము అబద్ధము కాదు. కన్నీటిలో ఉప్పున్నదని దుఃఖము అబద్ధమగునా? కాని ఆ ద్రవ్యము సాధువునకును దొంగకును సమానముగనే పుట్టును. దోచుకొని పారిపోవువాడును దూరము పరుగెత్తినచో ఆ తేలికదనము నెరుగవచ్చును. కాన ఆనందము ప్రార్థనకు నిదర్శనము కాజాలదు.

ఈ జాతి గ్రంథములలో పేరుగన్నది జార్జి షీహన్ వ్రాసి 1978లో ప్రకటించినది. ఆయన అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున హృద్రోగ వైద్యుడు, కథోలిక మతస్థుడు. నడివయస్సున మరల పరుగు మొదలిడి, ఏబదవ యేట మైలు దూరమును 4 నిమిషముల 47 సెకండ్లలో పరుగెత్తి ఆ వయస్సువారిలో ప్రపంచమున మేటి యనిపించుకొనెను. ఆయన గ్రంథము పాండిత్యము గలది, చమత్కారము గలది. నడివయస్సున దేహమును మరచి బల్లల వెనుక కరగిపోవు లక్షలజనులకు, దేహము సిగ్గుపడదగిన వస్తువు కాదని చెప్పిన ఉపకారము దానిది. కాని రెండవసారి చదివినప్పుడు నాకొక కొరత తోచినది. అందులోని బాటలన్నియు 'నేను' అను నూరికే తిరిగి చేరును. నేనెవడను, నేనేమి కావలెను, నాలోని వీరు డెవడు: ఇవే ప్రశ్నలు. ఆత్మజ్ఞానమని దీనిని మన్నింపవచ్చునా యన్నచో, మన వేదాంతులు విచారించిన 'నేను' కరగుటకై విచారింపబడినది. ఇచ్చటి 'నేను' బలియుటకై. ప్రార్థనలో మ్రొక్కువాడొకడు, మ్రొక్కు నందుకొనువాడొకడు ఉండవలెను. ఇరువురును తానే యైనచో అది అద్దము ముందు నిలుచుట.

జపాను దేశమున క్యోటో నగరమునకు చేరువనున్న హియే పర్వతమునందలి తెందాయి బౌద్ధసన్న్యాసుల వ్రతమును ఈ వాదమునకు పెట్టనికోటగా చూపుదురు. జాన్ స్టీవెన్సు 1988లో వారిమీద వ్రాసిన గ్రంథమునకు 'మారథాను సన్న్యాసులు' అని పేరు పెట్టినందున, లోకము వారిని పరుగువీరులని తలచినది. పేరు ఆకర్షణీయమే గాని, సరియైనది కాదు. వారు పందెపుపరుగు పరుగెత్తరు. గడ్డిచెప్పులతో కొండదారిని వడిగా నడతురు. దారిలో వందలకొలది తావులయందు, చెట్టునకును రాతికిని గుడికిని నిలిచి మ్రొక్కుదురు. ఏడేండ్లలో వేయి దినములు వ్రతము. మొదటి మూడేండ్లు ఏటికి 100 దినములు, పిమ్మటి రెండేండ్లు ఏటికి 200 దినములు, దినమునకు సుమారు 30 కిలోమీటర్లు. ఇట్లు 700 దినములు నిండినపిదప తొమ్మిది దినములు అన్నము, నీరు, నిద్ర, పడక లేక మంత్రజపముతో నుందురు. ఆరవయేట నూరు దినములు దినమునకు 60 కిలోమీటర్లు. ఏడవయేట నూరు దినములు 84 కిలోమీటర్లు, కడపటి నూరు దినములు మరల 30.

ఈ సంఖ్యలను చూచి నోరు తెరచుటతోనే మనవారి పఠనము ముగియుచున్నది. సంఖ్యలలోని అర్థము వేరు. 700 దినములవరకు జరిగినది తనకొరకు జరిగినదనియు, ఉపవాసదీక్ష దాటిన పిదప జరుగునది పరులకొరకనియు ఆ సంప్రదాయము విభజించుకొన్నది. అందుచేతనే ఏడవయేటి దీర్ఘయాత్ర అడవి విడిచి క్యోటో నగరవీథులలోనికి దిగును. వీథుల ప్రక్క మోకరించిన జనుల తలలమీద జపమాల మోపి దీవించుచు ఆ సన్న్యాసి పోవును.

ఈ వ్రతమునకు మూలము సద్ధర్మపుండరీకమునందలి యొక బోధిసత్త్వుని కథ యని చెప్పుదురు. ఆయన పేరు సదాపరిభూతుడు. సంస్కృతము చదివినవారికి ఈ సమాసము మంచి విందు. సదా, పరిభూత యని విరచినచో ఎల్లప్పుడు అవమానింపబడువాడు. సదా, అపరిభూత యని విరచినచో ఎన్నడు అవమానింపబడనివాడు. కుమారజీవుడు చీనాభాషలోనికి తెచ్చునప్పుడు మూడవమార్గము పట్టి, ఎన్నడు ఎవరిని అవమానింపనివాడు అను అర్థమిచ్చెను. కథ చూచినచో మూడర్థములును పొసగును. ఆయన కనబడిన ప్రతివానికిని, నీవు బుద్ధుడవు కాగలవాడవని నమస్కరించెడివాడు. జనులు కోపించి కర్రలతోను రాళ్లతోను కొట్టగా, దెబ్బ తగులనంత దూరము పరుగెత్తి, అచ్చటనుండి మరల వారికే నమస్కరించెడివాడు. నా యెఱుకలో పరుగు ప్రార్థన యైన తావు ఇది. కాళ్లు పారిపోవుచున్నవి, చేతులు మాత్రము మ్రొక్కుట మానలేదు. కొట్టినవానిని విడిచి పోవుటకు కాదు, కొట్టినవానికి మ్రొక్కుటకే ఆ పరుగు.

ఇక ఎరిక్ లిడెలు కథ. స్కాట్లండునుండి చీనాకు పోయిన క్రైస్తవ బోధకుల కుమారుడు. 1902లో చీనాలోని తియెన్‌త్సినులో పుట్టెను. 1924 పారిసు ఒలింపికు క్రీడలలో నూరు మీటర్ల పందెపు తొలి పరుగులు ఆదివారమున పడుటచే, అది తన విశ్రాంతిదినమని వానిని మానివేసి, 400 మీటర్ల పందెమును 47.6 సెకండ్లలో గెలిచెను. 1981లో వెలువడిన ప్రసిద్ధచిత్రము వలన ఈ వృత్తాంతము జగమెల్ల నెరిగినది. పరుగు ప్రార్థన యని వాదించువారు అందరును లిడెలు నోటిమాటగా ఆ చిత్రములోని యొక సంభాషణమును చూపుదురు. ఆ వాక్యము చిత్రమునకు మాటలు వ్రాసిన కాలిన్ వెలండు కల్పించినది. ఆదివారపు సంగతి లిడెలునకు ఓడ యెక్కునప్పుడు తెలిసినట్లు చిత్రమున చూపిరి. నిజమునకు అతడు కొన్ని మాసములు ముందే యెరుగును. కవికి కల్పన చేయు స్వాతంత్ర్యము కలదు. వాదికి ఆ కల్పనను సాక్ష్యముగా తెచ్చు స్వాతంత్ర్యము లేదు.

కాని నా యభియోగము ఇంతకంటె పెద్దది. చిత్రము ఎచ్చట ఆగినదో అచ్చటనే అసలుకథ మొదలైనది. అతడు 1925లో కీర్తిని విడిచి చీనాకు పోయి పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించెను. జపానువారు 1943లో ఇతర విదేశీయులతో కూడ అతనిని వేయ్‌షియెను శిబిరమున నిర్బంధించిరి. అచ్చట తల్లిదండ్రులకు దూరమైన బాలబాలికలకు పాఠములు చెప్పుచు, ఆటలు నడుపుచు నుండెను. ఆదివారమున ఆటలు నడుపుట మొదట అతని కిష్టము లేకుండెను. పిల్లలు తమలో తాము ఆడుకొని కొట్టుకొనగా, ఆదివారమునను తానే మధ్యవర్తియై నిలిచెనని తోడి బందీలు చెప్పియున్నారు. 1945 ఫిబ్రవరి 21వ తేదీని, మెదడులోని వ్రణముచే, నలువది మూడవయేట ఆ శిబిరముననే మరణించెను. తనకు బంగారుపతకము వచ్చు ఆదివారమును వదలుకొన్నవాడు, పిల్లల తగవు తీర్చుటకు ఆదివారమును ఇచ్చివేసినాడు. మొదటిది నిష్ఠ. రెండవది ఆ నిష్ఠకు పండిన ఫలము. లోకము మొదటిదానికి హారతి పట్టి రెండవదానిని మరచినది.

కడపటి యుదాహరణము నన్ను సిగ్గుపరచినది. అమెరికాలోని అరిజోనా, న్యూమెక్సికో, యూటా ప్రాంతములలో నవహో జనులు కలరు. వారు తమ్ము దినే యని చెప్పుకొందురు. వారి కన్య ప్రథమ రజస్వల యైనప్పుడు కినాల్దా యను నాలుగు దినముల యుత్సవము చేయుదురు. షార్లటు ఫ్రిస్బీ 1967లో దానిపై గ్రంథము వ్రాసెను. వారి దేవతలలో ముఖ్యురాలైన 'మారుచుండు స్త్రీ'కి మొదట ఈ సంస్కారము జరిగెననియు, ప్రతికన్యయు ఆ దినములలో ఆ దేవతయే యనియు వారి విశ్వాసము. ఆ బాలిక తెల్లవారుజామున తూర్పుముఖముగా పరుగెత్తును. మాటిమాటికి మునుపటికంటె ఎక్కువ దూరము పోవలెను. ఇతరులు వెంట పరుగెత్తవచ్చును గాని ఆమెను దాటరాదు. నేలలో గుంటత్రవ్వి పెద్ద మొక్కజొన్నరొట్టెను కాల్చి, కడపటియుదయమున ఊరివారికి పంచిపెట్టుదురు. ఆ రొట్టెను ఆమె తాను తినదు. బలము ఆమెది, ఫలము ఊరిది.

ఇది చదివినప్పుడు నా పాఠశాలలోని యొక బాలిక నా కన్నులయెదుట నిలిచినది. ఎనిమిదవ తరగతిలో నుండెడిది. పరుగున ఆమెను దాటు బాలుడు మా యూర లేడు. ఒకనాడు బడికి రాలేదు. తరువాత రెండువారములు రాలేదు. సమర్తాడినదని తోడిపిల్లలు చెప్పిరి. చాపమీద మూల కూర్చుండబెట్టిరి, వేడుక చేసిరి, పట్టుపరికిణి కట్టిరి. అంతట చదువునకు సెలవు పలికించిరి. ఒకే సంఘటన, అచ్చట కన్య తూర్పుదిక్కునకు పరుగెత్తుచున్నది, ఇచ్చట గోడమూలకు పంపబడుచున్నది. నన్ను కాల్చినది ఇదియు కాదు. ఆమె యిల్లు నేను ప్రతియుదయము పరుగెత్తు బాటలోనే యున్నది. రెండు మాసములు ఆ గుమ్మము ముందునుండి, శ్వాసను లెక్కించుకొనుచు, నామము జపించుకొనుచు, నాది ధ్యానమని తలచుకొనుచు పోయితిని. కళాపి చల్లుచున్న ఆ పిల్ల తలయెత్తి చూచినప్పుడును నేను ఆగలేదు, లయ చెడునని.

కావున నా సిద్ధాంతము ఇది. పరుగు తనంతట ప్రార్థన కాదు. కూర్చుండుటయు తనంతట ప్రార్థన కాదు. ఆసనము వేసి కన్నులు మూసినవాడు వడ్డీ లెక్కలు వేసికొనవచ్చును. పరుగెత్తువాడు ప్రార్థించునా లేదా యనుటకు మూడు గుర్తులు చాలును. చిత్తము ఒకటియై నిలుచునా? ఆ నిలిచిన చిత్తమున 'నేను' తగ్గునా, పెరుగునా? పరుగు ముగిసిన పిదప ఆ కాళ్లు ఎవరి గుమ్మమునకు పోవును? మొదటిదానికి అభ్యాసము చాలును. రెండవదానిని తానొక్కడే యెరుగును, తానును మోసపోవచ్చును. మూడవదానిని ఊరెల్ల చూడగలదు. హియే సన్న్యాసి నగరమునకు దిగెను, లిడెలు శిబిరమున ఈల పట్టెను, దినే కన్య రొట్టె పంచెను. మూడును ఒకే సాక్ష్యము నిచ్చుచున్నవి.

అట్లయినచో సేవయే చాలదా, నడుమ పరుగెందులకు అని యొకరు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్న. మనస్సును ఊడ్చుకొనక సేవకు పోయినవాడు తన కోపమును, గొప్పను వెంటగొనిపోవును. మా వృత్తిలో అట్టి సేవకుల నెందరనో చూచితిని. ఉదయమున ఒక గడియసేపు ఊపిరితో మాత్రమే యుండుట ఆ యూడ్పునకు ఉపకరించును. పనికొరకు పరుగెత్తక తప్పనివారికి, నాడు తపాలా సంచి మోసిన హర్కారాకును, నేడు గడువులోపల అన్నపు పొట్లము చేర్పవలసిన కుఱ్ఱవానికిని, ఈ విలాసము లేదనియు మరువరాదు. మనకు దొరకిన యీ తీరిక యొక ఋణము. ఋణమును పుణ్యమని లెక్కవ్రాసికొనరాదు.

నేను చేసినదియు చెప్పవలెను. ఒక యుదయమున ఆ గుమ్మము ముందు ఆగితిని. ఆ తల్లి, "మాస్టారూ, పిల్ల పెద్దదైనది గదా, ఇంక మైదానమున పరుగు లేమిటండీ?" అని యడిగినది. ఆనాడు నాకు జవాబు చాలలేదు. మరునాడు నా భార్యను తోడుకొని పోయితిని. ఆమె మాటాడినది, నేను వింటిని. ఆరవసారి పోయిన పిదప ఆ బాలిక బడికి వచ్చినది. మైదానమునకు ఇంకను అనుమతి రాలేదు. ఆ తండ్రితో మాటలు జరుగుచున్నవి.

చదువరులలో ఉపాధ్యాయులు, బడుల పెత్తనము చేయువారు ఉందురు. వారికి నా మనవి: ఉదయమున మైదానపు తలుపు ఆడపిల్లలకును తెరచి యుంచుడు, ఒక ఉపాధ్యాయినిని అచ్చట నిలుపుడు, రజస్వల యైనదను నెపముతో ఏ పిల్లపేరైనను హాజరుపట్టీలో జారిపోయినచో, ఆ దినమే ఆ యింటికి పొండు. నడచి పోయినను సరియే, పరుగెత్తి పోయినను సరియే.